ట్యాంక్ మీద పేరు చూసి మోసపోకండి: పాత బండి పుట్టుక కనిపెట్టేదెలా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాత బండి కొనాలని తిరుగుతున్నారా? "ఒరిజినల్ జావా బ్రో, రేటు తగ్గదు" అని ఎవరైనా అంటే, డబ్బు తీసే ముందు ఈ ఎపిసోడ్ చూడండి. ఎందుకంటే బ్యాడ్జి మార్చడం ఐదు నిమిషాల పని.

ముందు అసలు కథ. జావా చెకోస్లోవేకియా బండి. 1929లో యానెచెక్ అనే ఆయన జర్మనీ కంపెనీ వాండరర్ నుంచి బైక్ తయారీ హక్కులు కొన్నాడు. ఇంగ్లిష్‌లో ఈ రెండు పేర్ల మొదటి రెండేసి అక్షరాలు కలిపితే జావా. అంటే పేరులోనే సగం అరువు!

మనకు దగ్గర్లోని మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో ఈ బండ్లు మొదలుపెట్టింది. 1973 నుంచి పేరు యెజ్డీ అయింది. ఫ్యాక్టరీ అదే, 250 సీసీ టూ స్ట్రోక్ వంశం అదే. 1996లో మూతపడింది. రెండింటికీ ఎడమవైపు ఒకే లివర్ ఉంటుంది: కిక్కూ అదే, గేరూ అదే. అందుకే బయటి నుంచి చూసి తేల్చడం కష్టం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రాజ్‌దూత్ 175 పోలండ్ బండి ఎస్‌హెచ్‌ఎల్ లైసెన్స్‌తో వచ్చింది. అదే పేరుతో వచ్చిన రాజ్‌దూత్ 350 మాత్రం జపాన్ యమహా. మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ స్కూటర్ మూలం ఇటలీ లాంబ్రెట్టా.

మరి చెక్ చేసేదెలా? ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం చూడండి. అక్కడ 1980 అని ఉండి ట్యాంక్ మీద జావా అని ఉంటే అనుమానించాల్సిందే. చాసిస్, ఇంజన్ మీద కొట్టిన నంబర్లు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడండి. తుడిచి మళ్లీ కొట్టినట్టుంటే వదిలేయండి, దొంగ బండి కావచ్చు. కర్ణాటక, తమిళనాడు బండి అయితే అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

సంవత్సరానికి ఇంకో విలువ కూడా ఉంది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు. రోజువారీ తిరగడానికి మాత్రం కుదరదు.

యెజ్డీ తక్కువదేం కాదు ఫ్రెండ్స్. యెజ్డీని యెజ్డీ రేటుకే కొనండి, అంతే. మీ తాత బండి షెడ్డులో మూలన పడుంటే, పాత ఇనుముకు వేసే ముందు ఆ నంబర్లు ఒకసారి తుడిచి చదవండి. మళ్లీ కలుద్దాం!