పేరు మారిన ఓడ

పిల్లలూ! మన మారిషస్ ద్వీపం దక్షిణ తీరాన బెల్ ఓంబ్ర్ అనే ఊరు ఉన్నది. అక్కడ ట్రెవెస్సా అనే ఓడ జ్ఞాపకార్థం కట్టిన స్మారక చిహ్నం ఉన్నది. 1923 జూన్ 29న ఆ ఓడకు చెందిన ఒక చిన్న పడవ ఆ తీరానికి చేరింది. అందులోని నావికులు ఆకలితో, దాహంతో చిక్కి శల్యమై ఉన్నారు. పడవ వచ్చింది గాని ఓడ రాలేదు. అది అప్పటికే నడిసముద్రంలో మునిగిపోయింది.

ఆ ఓడ ఎవరిది? ఎక్కడ తయారయింది? మునగక ముందు ఏయే సముద్రాలు తిరిగింది? కంటికి కనబడని ఓడ చరిత్రను ఎలా తెలుసుకోవడం? దానికి ఒక పద్ధతి ఉన్నది. దాన్ని ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఓడకు గుర్తులు

సంతలో కొన్న ఆవుకు కొత్త యజమాని కొత్త పేరు పెట్టవచ్చు. కాని దాని కొమ్ముల తీరు, నుదుటి మచ్చ మారవు గదా! పాత యజమాని వాటిని చూసి దాన్ని ఇట్టే గుర్తుపడతాడు. ఓడ సంగతీ అంతే. చేతులు మారినప్పుడు పేరు మారుతుంది, పొగగొట్టం రంగు మారుతుంది, జెండా కూడా మారుతుంది. మారనివి కొన్ని ఉంటాయి.

మొదటిది, కట్టిన చోటు, కట్టిన సంవత్సరం. ఓడలు కట్టే ప్రతి కర్మాగారమూ తాను కట్టిన ఓడలకు వరుస సంఖ్యలు ఇచ్చి పట్టిక రాసుకొంటుంది.

రెండవది, కొలతలు. పొడవు, వెడల్పు, లోతులతో పాటు టన్నుల లెక్క కూడా రాస్తారు. ఆ రోజుల్లో 'గ్రాస్ టన్ను' అంటే బరువు కాదు. ఓడ లోపలి జాగాలో 100 ఘనపుటడుగులను ఒక టన్నుగా లెక్కించేవారు. ట్రెవెస్సా సుమారు 5,000 టన్నుల ఓడ. అంటే దాని లోపల దాదాపు 5 లక్షల ఘనపుటడుగుల జాగా ఉండేదన్న మాట.

మూడవది, అధికార సంఖ్య. 1854లో చేసిన చట్టం ప్రకారం బ్రిటిష్ ఓడలకు ఈ సంఖ్య ఇచ్చి, ఓడలోని పెద్ద దూలం మీద చెక్కించేవారు. పేరు మార్చినా, బ్రిటిష్ రిజిస్టరులో ఉన్నంత కాలం ఆ సంఖ్య మారదు.

వీటన్నిటినీ ఒకచోట చూపే పుస్తకం లాయిడ్స్ రిజిస్టర్. ఇది 1764 నుంచి లండనులో వెలువడింది. అందులో ఓడ పేరు, యజమాని, కట్టిన చోటు, కొలతలు, ఇంజను వివరాలు ఉంటాయి. పేరు మారిన ఓడ అయితే పూర్వపు పేరు కూడా ఇస్తారు. వెతికేవారికి అదే తాళపుచెవి.

పేరులో ఉన్న ఆచూకీ

ఇప్పుడు ట్రెవెస్సా చరిత్రను వెనక్కి చదువుదాం. పేరుతోనే మొదలుపెడదాం.

ఇంగ్లండుకు నైరుతి మూల కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడి పాత భాషలో 'ట్రె' అంటే నివాసం, పల్లె అని అర్థం. మన ఊళ్ల పేర్లకు చివర 'పల్లె', 'పాలెం' వచ్చినట్లు, అక్కడి ఊళ్ల పేర్లకు మొదట 'ట్రె' వస్తుంది. ఆ ప్రాంతంలోని సెయింట్ ఐవ్స్ ఊరికి చెందిన హేన్ కంపెనీ తన ఓడలకు 'ట్రె'తో మొదలయ్యే పేర్లు పెట్టేది. కనుక ట్రెవెస్సా అన్న పేరు వినగానే, ఇది హేన్ కంపెనీ ఓడ కావచ్చునని తెలిసినవారు ఊహిస్తారు.

కాని హేన్ కంపెనీ దీన్ని కట్టించలేదు. దీని పూర్వపు పేరు ఇంకెన్‌టుర్మ్. జర్మన్ భాషలో 'టుర్మ్' అంటే బురుజు. జర్మనీలోని బ్రెమెన్ నగరానికి చెందిన హన్సా కంపెనీ ఓడలలో 'టుర్మ్'తో ముగిసే పేర్లు కొన్ని ఉండేవి. 1909లో జర్మనీలోని ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఈ ఓడను కట్టారు.

జర్మన్ ఓడ బ్రిటిష్ ఓడ ఎలా అయింది? 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మన్ సరుకుల ఓడ బయట తిరిగితే బ్రిటిష్ యుద్ధనౌకలు పట్టుకొంటాయి. అందుచేత ఇంకెన్‌టుర్మ్ డచ్చివారి పాలనలో ఉన్న ఈస్టిండీస్‌లో, అంటే ఇప్పటి ఇండోనేషియాలో, ఆగిపోయింది. డచ్చివారు ఆ యుద్ధంలో చేరలేదు. యుద్ధం ముగిశాక, 1919 వెర్సాయ్ సంధి ప్రకారం జర్మనీ 1,600 టన్నులూ, అంతకు మించిన తన వర్తక ఓడలను ఒప్పగించవలసి వచ్చింది. అలా ఈ ఓడ బ్రిటన్ చేతికి వచ్చింది. 1920లో హేన్ కంపెనీ దాన్ని కొని ట్రెవెస్సా అని పేరు పెట్టింది. పేరు కొత్తది, ఓడ మాత్రం పాతదే.

చివరి ప్రయాణం

1923 మే 25న ట్రెవెస్సా ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు నుంచి బయలుదేరింది. అందులో జింకు ఖనిజం పొడి ఉన్నది. అది చాలా బరువైన సరుకు. తడిస్తే ముద్దకడుతుంది. జూన్ 3 రాత్రి తుఫానులో ఓడలోకి నీరు చేరింది. ఆ నీరు ఓడ అడుగుకు దిగితేనే పంపులు తోడగలవు. కాని ముద్దకట్టిన సరుకు మీదే నీరు నిలిచిపోయింది. ముందు భాగం బరువెక్కి, 4వ తేదీ తెల్లవారకముందే ఓడ మునిగింది.

ఓడలోని 44 మంది రెండు పడవల్లోకి దిగారు. ఒకదానికి కెప్టెన్ సెసిల్ ఫాస్టర్, రెండవదానికి ఆయన కింది అధికారి స్మిత్ నాయకులు. యుద్ధకాలంలో శత్రువులు ఓడను ముంచివేయగా పడవలో రోజుల తరబడి గడిపిన అనుభవం ఫాస్టరుకు ఉన్నది. ఎండిన నోటికి ఉప్పు మాంసం కంటె డబ్బాపాలే మేలని ఆయన అప్పుడే గ్రహించాడు. అందుచేత పడవల్లో డబ్బాపాలు, బిస్కట్లు పెట్టించాడు. నీళ్లను సిగరెట్ డబ్బా మూతతో కొలిచి పంచేవారు. ఆగ్నేయం నుంచి వీచే గాలిని తెరచాపలకు పట్టి పడమటికి సాగారు.

జూన్ 26న ఫాస్టర్ పడవ రోడ్రిగ్స్ ద్వీపం చేరింది. మూడు రోజుల తరువాత, 1,700 మైళ్లకు పైగా ప్రయాణం చేసి, స్మిత్ పడవ బెల్ ఓంబ్ర్ చేరింది. దారిలో సుమారు పదిమంది మరణించారు. వారిని తలచుకొంటూ మన దేశంలో జూన్ 29ని నావికుల దినంగా పాటిస్తారు.

మన ఓడలు, మన సంఖ్యలు

ఓడల చరిత్ర వెతకడం కాలక్షేపానికి కాదు. ఓడ ఆచూకీ తెలిస్తే అందులో ప్రయాణించిన మనుషుల ఆచూకీ దొరుకుతుంది. మన పూర్వులు కూడా ఓడల మీదనే ఈ ద్వీపానికి వచ్చారు. ఆంధ్రతీరంలోని కోరంగి రేవు పేరు మీదుగా ఇక్కడి తెలుగువారిని ఒకప్పుడు 'కోరంగీలు' అని పిలిచేవారు. ఒప్పందపు కూలీలుగా వచ్చిన ఒక్కొక్కరికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యతో పాటు వారు వచ్చిన ఓడ పేరు కూడా రాసిపెట్టారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ రిజిస్టర్లు ఉన్నాయి.

ఆ రిజిస్టర్లలో మనవారి పేర్లను విన్నవారు విన్నట్లు రాశారు. వెంకటస్వామి ఒకచోట ఒకలాగా, మరొకచోట మరొకలాగా కనబడవచ్చు. పేరు చెదిరినా సంఖ్య చెదరదు. మీ ఇంట్లో పెద్దవారి దగ్గర అటువంటి పాత కాగితం ఏదైనా ఉంటే దాన్ని జాగ్రత్త చేయండి. అందులోని సంఖ్య, ఓడ పేరు రెండూ మీ నోటుపుస్తకంలో రాసుకోండి. వెతుకులాట అక్కడ మొదలుపెట్టవచ్చు.

ప్రశ్నలు

1. ఓడ చేతులు మారినప్పుడు ఏవి మారుతాయి? ఏవి మారవు?
2. ట్రెవెస్సా పూర్వపు పేరు ఏమిటి? ఆ పేరు ఎందుకు మారింది?
3. నీటిని పంపులు ఎందుకు తోడలేకపోయాయి?
4. కెప్టెన్ ఫాస్టర్ ముందుచూపు వల్ల కలిగిన మేలేమిటి?
5. మీ కుటుంబంలో మొదట ఈ దేశానికి వచ్చినవారు ఎవరు? పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాయండి.