పాత కంప్యూటరుకు కొత్త కీబోర్డు

యంత్రం ఎంత గొప్పదైనా దానితో మానవుడు సంభాషించడానికి ఒక ద్వారం ఉండాలి. కంప్యూటరుకు ఆ ద్వారం కీబోర్డు. ద్వారం మూసుకుపోతే లోపలి మేధాశక్తి యావత్తూ నిరుపయోగమవుతుంది. 1980వ దశకంలో ఇళ్ళలో వాడుకోవడానికి వెలువడిన చిన్న కంప్యూటర్లలో కొన్ని నేడు ఈ ఒక్క లోపం వల్లనే మూలపడుతున్నాయి. వాటిని పారవేయనక్కరలేదు. ఎలక్ట్రానిక్స్ ప్రథమ పాఠాలు నేర్చిన విద్యార్థి తన చేతులతోనే వాటికి కొత్త కీబోర్డు నిర్మించవచ్చు. అదెట్లో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణగా జెడ్ ఎక్స్ స్పెక్ట్రం అనే కంప్యూటరును తీసుకుందాం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 1982 ఏప్రిల్‌లో దీనిని విడుదల చేసింది. దీని మెదడు జెడ్ 80 అనే ప్రాసెసర్. ధర తగ్గించే నిమిత్తం దీనికి రబ్బరు మీటలు అమర్చారు. వాటి అడుగున పలుచని ప్లాస్టిక్ పొరలు, ఆ పొరలపై విద్యుత్తును ప్రసరింపజేసే గీతలు ఉంటాయి. మీటను నొక్కితే పై పొర క్రింది పొరకు తగిలి వలయం పూర్తవుతుంది. కాలక్రమాన ఈ ప్లాస్టిక్ పెళుసుబారి, ముఖ్యంగా యంత్రంలోకి వెళ్ళే పట్టీ వద్ద విరిగిపోతుంది. అప్పుడు ఒకేసారి అనేక మీటలు మూగబోతాయి.

ఈ కంప్యూటరుకు 40 మీటలు ఉన్నాయి. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క తీగ వేస్తే 40 తీగలు, వాటికి తోడు ఒక ఉమ్మడి తీగ కావాలి. కాని వాస్తవానికి ఉన్నవి 13 తీగలే. గణితంలో మనం చదువుకొన్న మాత్రికను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 8 అడ్డు వరుసలు, 5 నిలువు వరుసలు కలిస్తే 40 కూడళ్ళు ఏర్పడతాయి. ప్రతి కూడలిలోను ఒక మీట ఉంటుంది. ప్రాసెసర్ అడ్డు తీగలలో ఒకదానిని 0 స్థితికి దించి, 254వ ద్వారం గుండా 5 నిలువు తీగలను చదువుతుంది. నిలువు తీగలు సాధారణంగా 1 స్థితిలో ఉంటాయి. మీట నొక్కిన చోట 0 కనిపిస్తుంది. ఇట్లు ఎనిమిది తీగలనూ వరుసగా పరీక్షించే కార్యక్రమం శాశ్వత స్మృతిలో నిక్షిప్తమై, సెకనుకు 50 సార్లు నడుస్తుంది.

ఇక నిర్మాణ విధానం. పైకి మీటలు పదేసి చొప్పున నాలుగు వరుసలుగా కనిపిస్తాయి. ప్రతి వరుసను మధ్యకు చీల్చితే అయిదేసి మీటల జట్లు ఎనిమిది వస్తాయి. ఒక్కొక్క జట్టుకు ఒక అడ్డు తీగ. నిలువు తీగలను వెలుపలి అంచు నుండి మధ్యకు లెక్కించాలి. అంటే అంకెల వరుసలో 1, 0 మీటలకు మొదటి నిలువు తీగ ఉమ్మడి. 5, 6 మీటలకు అయిదవది ఉమ్మడి. తక్కిన వరుసలకూ ఇదే క్రమం.

నేడు విరివిగా లభించే స్ప్రింగు స్విచ్‌లను బిగించడానికి 1.5 మిల్లీమీటర్ల మందం గల రేకులో 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు చేయాలి. రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు. ఈ లెక్కన పది మీటలకు 190.5 మిల్లీమీటర్లు కావాలి. స్పెక్ట్రం వెడల్పు 233 మిల్లీమీటర్లు కనుక చోటు చాలుతుంది. ఎత్తు మాత్రం చాలదు. కొత్త పెట్టె ఒకటి చేసుకోవాలి. తీగలు సోల్డరింగు చేసి, ప్రతి కూడలినీ మల్టీమీటరుతో పరీక్షించిన తరువాతనే, విద్యుత్తు ఆపి, పాత పట్టీలు ఉన్న స్థానాలలో కలపాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మాత్రికలో ఒక దీర్ఘచతురస్రపు మూడు మూలల మీటలను ఒకేసారి నొక్కితే, విద్యుత్తు చుట్టుదారిన పోయి, నాలుగవ మూల మీట కూడ నొక్కినట్లు చూపుతుంది. క్యాప్స్ షిఫ్ట్, జెడ్, ఎ మీటలను కలిపి నొక్కితే ఎవరూ తాకని ఎస్ మీట కూడ నొక్కినట్లు కనిపిస్తుంది! ప్రతి మీటకు ఒక డయోడు చేర్చి, దాని చార ఉన్న కొనను అడ్డు తీగ వైపు పెడితే ఈ దొంగదారి మూసుకుపోతుంది. అయితే ఈ యంత్రంలో అడ్డు తీగలకు ముందే డయోడులు ఉన్నాయి. రెండు డయోడుల వోల్టేజి నష్టం కలిస్తే 0 స్థితి స్పష్టంగా అందకపోవచ్చు. కనుక నష్టం తక్కువగా ఉండే షాట్కీ రకం డయోడులను ఎంచుకోవడం క్షేమం.

మీటలపై అక్షరాలు ఎట్లు వస్తాయన్నది చివరి ప్రశ్న. మీటకు అక్షరం తెలియదు. దానికి తెలిసినది తన కూడలి స్థానమే. స్పెక్ట్రంలో పి అనే మీట సందర్భాన్ని బట్టి ప్రింట్ అనే ఆజ్ఞను, పి అక్షరాన్ని, లేదా ఉద్ధరణ చిహ్నాన్ని ఇస్తుంది. ఏ స్థానానికి ఏ అర్థమో నిర్ణయించేది స్మృతిలోని పట్టిక. ఈ సూత్రం నేటి కంప్యూటర్లకూ వర్తిస్తుంది. 1991 నాటి భారత ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు 'క' అక్షరానికీ హిందీ 'క' అక్షరానికీ ఒకే మీట. అది ఇంగ్లీషు కె మీట. ఉర్దూ ధ్వన్యనుసార అమరికలో కాఫ్ అక్షరమూ ఆ మీటదే. మీట ఏ ఒక్క భాష సొత్తూ కాదు. పట్టిక వ్రాసినవారి భాషను అది పలుకుతుంది. కంప్యూటరు ఇంగ్లీషు వారి సాధనమని తెలుగు, ఉర్దూ మాధ్యమాల విద్యార్థులు వెనుదీయనక్కరలేదు.

పాత స్పెక్ట్రం దొరకనివారు నిరుత్సాహపడనవసరం లేదు. 16 స్విచ్‌లు, 8 తీగలతో నాలుగు వరుసల మాత్రికను ప్రయోగశాలలో నిర్మించి పై సూత్రాలన్నిటినీ పరీక్షించవచ్చు. కళాశాల కార్యవర్గం వారు ఇటువంటి చిన్న నిర్మాణాలకు ప్రయోగశాలలో కొంత చోటు, కొన్ని పనిముట్లు సమకూర్చితే, కొని వాడుకొనడమే ఎరిగిన విద్యార్థి విప్పి చూచి బాగుచేయడం కూడ నేర్వగలడు.