ఏ దేశమునకు పోవలయును?

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు మార్గమున, మిరపచేలు వెనుకబడి అడవి మొదలగు తావున కొత్తగూడెము గనులు కలవు. 1889లో ఇల్లెందు వద్ద సింగరేణి బొగ్గు త్రవ్వకము ఆరంభమైన నాటినుండి ఈ సీమ పనివారిని తనకడకు రప్పించుకొన్నది. 1978లో గనుల విద్యకు కళాశాలను గూడ సంపాదించుకొన్నది. నేడీ సీమ యువకులే సముద్రములు దాటుచున్నారు. ఏ దేశమునకు పోవలయుననునది ఇంటింట చర్చ.

తల్లిదండ్రులు మొదట అడుగునది జీతమెంత యని. మా యభిప్రాయమున అది రెండవ ప్రశ్న. ఎన్నాళ్లు నిలువనిత్తురన్నది మొదటిది.

అమెరికాలో జీతము హెచ్చు, బంధుమిత్రులును పెక్కురు. కాని హెచ్-1బి అనుమతులు ఏటికి 65 వేలు, అచ్చట పై చదువు ముగించినవారికి మఱి 20 వేలు మాత్రమే. అభ్యర్థులు మించినచో చీట్లు వేయుదురు. శాశ్వత నివాసపు దరఖాస్తు సాగుచుండనిదే ఆ అనుమతి సాధారణముగా ఆరేండ్లకు మించదు. ఆ శాశ్వత నివాసమునకో, 1990 నాటి చట్టము ఏ దేశమున పుట్టినవారికైనను నూటికి 7 పాళ్లే విధించినది. నూట నలుబది కోట్ల భారతమునకును చిన్న ద్వీపమునకును ఒకే కొలత! అందుచే మనవారి నిరీక్షణ దశాబ్దముల కెక్కినది. 2025 సెప్టెంబరులో, విదేశములనుండి రప్పించుకొనువారికై వేయు క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలరుల రుసుము విధించుచు అధ్యక్షుని ప్రకటన వెలువడినది.

కెనడా 1967లోనే వయస్సు, విద్య, భాష మొదలగువానికి మార్కులు వేయు పద్ధతి నవలంబించినది. ఆస్ట్రేలియాదియు అట్టి పద్ధతియే. గనుల దేశమగుటచే కొత్తగూడెపు చదువు అచ్చట అక్కరకు వచ్చును. ఈ మార్కులలో పుట్టిన దేశపు పట్టింపు లేదు. అయినను ప్రభుత్వములు ద్వారమును ఇరుకు చేయుటయు కలదు: 2025కు 5 లక్షలుగా తలచిన నూతన నివాసుల సంఖ్యను కెనడా 3,95,000కు తగ్గించినది.

మనకు ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. ఖమ్మము మైదానమున పొలమును కుదువబెట్టి కుమారుని పంపు తండ్రి, వడ్డీకి వెఱచి జీతము హెచ్చైన దేశమునే కోరును. భద్రాచలపు ఏజెన్సీలో 1970 నాటి 1వ నంబరు నిబంధన ననుసరించి ఆదివాసేతరునకు భూమి బదలాయింపరాదు. ఆ రక్షణ న్యాయమే. కాని ఆ భూమిపై కోయ విద్యార్థికి పెద్ద అప్పు పుట్టుట కష్టము. అతనికి ప్రభుత్వ విదేశీ విద్యానిధి యొసగు 20 లక్షలే ముఖ్యాధారము. ఆ నిధి పేర్కొన్న దేశములలోనే ఎంపిక. ఇట్లు నైపుణ్యముకంటె అప్పే దేశమును నిర్ణయించుచున్నది.

కావున కుదువ పత్రముపై సంతకము చేయుటకు ముందు, అప్పు తీరు గడువును, అనుమతి తీరు గడువును ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలయును. అనుమతియే ముందు తీరునట్లున్నచో పొలము దక్కునన్న నమ్మకము లేదు. అట్టియెడ జీతము కొంత తగ్గినను నిలువనిచ్చు దేశమే మేలు.