ఊ కొట్టేవాళ్లుంటే...

ఏడు చేపల్లో ఒకటి ఎందుకు ఎండలేదో తెలియాలంటే చీమదాకా వెళ్లాలి. మనిషి బతుకు ఎందుకు ఎండిపోయిందో తెలియాలన్నా అంతే. ఉత్తరాంధ్ర కథకులు చేసిన పని అదే!

విశాఖపట్నం, మద్దిలపాలెం. సాయంత్రం ఆరు గంటలు. జాతీయ రహదారి మీద బస్సులు, లారీలు, ఆటోల రొద. శ్రీకాకుళం బస్సు కోసం నిలబడ్డ జనం మధ్య, మూట మీద కూర్చుని ఓ మామ్మ మనవడికి కథ చెబుతోంది. రాజుగారు, ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు... మనందరం విన్నదే.

'ఊ కొట్రా, లేపోతే సెప్పను' అంటుంది మామ్మ.

'ఊ... అపుడేటైందే?' అంటాడు వాడు.

రెండు బస్సులు కిక్కిరిసి వెళ్లిపోయాయి. వాడికి అదేమీ పట్టలేదు. చీమ వచ్చేదాకా కదిలేలా లేడు!

చేపలు మాట్లాడవని ఆ పిల్లాడికీ తెలుసు. అయినా 'అబద్ధం' అనడు. ఆ కథలోని నిజం వేరేచోట ఉంది మరి. చేప గడ్డి మీద, గడ్డి ఆవు మీద, ఆవు పాలేరు మీద... అలా నెపం ఒకరి మీంచి ఒకరి మీదికి పోతుంది. చివరికి అందరికంటే చిన్న ప్రాణి నోరు విప్పుతుంది. తన ఇంట్లో వేలు పెట్టినవాణ్ని కుట్టడం తప్పా అని నిలదీస్తుంది. చీమకీ ఓ బాధ ఉంటుందని, దానికీ ఓ మాట ఉంటుందని మనకు మొదట చెప్పింది ఏ పాఠమూ కాదు... ఓ కథ.

కోర్టు మెట్ల దగ్గర

ఆ చీమ మాటను విన్నవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-93) విశాఖలో ప్లీడరు. కోర్టుకొచ్చే పేదల గోడు రోజూ వినడం ఆయన వృత్తి. అదే గోడు ఆయన చేతిలో 'ఆరు సారా కథలు' అయింది. అందులో 'మాయ' కథలో ముత్యాలమ్మ అనే ఆడమనిషి సారా కేసులో ఇరుక్కుంటుంది. చదువుకున్న ప్లీడరు బాబుకి చట్టం, పోలీసు, కోర్టు ఎలా నడుస్తాయో తన యాసలోనే విడమరిచి చెబుతుంది. కేసు కాగితాల్లో ఆమె ఒక నిందితురాలు. కథలో మాత్రం ఒక మనిషి. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని దాటించేదే ఊహ.

మాస్టారు నిలదీసిన లెక్క

ఇదే ఊళ్లో సెయింట్ ఆంథోనీస్ స్కూల్లో మూడు దశాబ్దాలు పంతులుగా పనిచేశారు కాళీపట్నం రామారావు (1924-2021). అందరికీ కారా మాస్టారే. రాసింది తక్కువ. తన కథలు తనకే నచ్చక కొన్నేళ్లు కలం పక్కన పెట్టేశారు కూడా. ఆ తర్వాత వచ్చిందే 'యజ్ఞం'. ఒక అప్పు, దాని మీద పంచాయితీ. లెక్కలన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. కానీ ఆ లెక్క చివర, తన బిడ్డ కూడా బానిస కాకూడదని కన్నతండ్రే వాణ్ని చంపుకుంటాడు. చదివినవాళ్లకు నిద్ర పట్టదు. అప్పు పత్రంలో కనిపించని దారుణం ఆ కథలో కనిపించింది. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

కథలకో ఇల్లు

అవార్డులొచ్చాక చాలామంది ఏం చేస్తారో మనకు తెలుసు. మాస్టారు మాత్రం ఇల్లు కట్టారు. తనకి కాదు... కథలకి! 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో 'కథానిలయం' మొదలైంది. అప్పటికి ఆయన వయసు డెబ్బై రెండు. తనకొచ్చిన అవార్డుల డబ్బు అందులో పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. గొప్ప కథలే కాదు, ఒక్క కథ రాసి మరుగునపడిపోయినవాళ్లవి కూడా. పాత పత్రికల కోసం ఊళ్లు తిరిగారు, ఉత్తరాలు రాశారు.

ఎందుకింత తాపత్రయం? మామ్మ మాటలోనే జవాబుంది. ఊ కొట్టేవాడు లేకపోతే కథ ఆగిపోతుంది. ఎప్పుడో, ఎక్కడో ఒకరు తన కష్టాన్ని, కలని నాలుగు పేజీల్లో చెప్పుకున్నారు. దాన్ని చెత్తబుట్టలోకి పోనివ్వకుండా దాచడమంటే, వాళ్లకి 'ఊ' కొట్టడమే. నువ్వు బతికావు, నీ మాట విన్నాం అని చెప్పడమే. మనిషి బతుక్కి ఇంతకంటే అర్థం ఏం కావాలి?

మాస్టారు 2021 జూన్ 4న వెళ్లిపోయారు. ఆయన కట్టిన ఇల్లుంది. ఇక అందులో తలుపు తీసి, ఓ పాత పుస్తకం దుమ్ము దులిపి ఊ కొట్టాల్సింది మనమే. అంతదూరం వెళ్లలేకపోతే మన ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. టీవీ కాసేపు కట్టేసి, సెల్‌ఫోన్ పక్కన పెట్టి, నానమ్మను 'అప్పుడేమైంది?' అని అడిగితే చాలు.

మద్దిలపాలెంలో శ్రీకాకుళం బస్సు వచ్చింది. కథ అప్పటికే అయిపోయింది. మామ్మ మూట భుజానికెత్తుకుంది. మనవడు మాత్రం ఆమె చెంగు వదల్లేదు.

'మామ్మా, ఆ తరవాత సీమేటి సేసింది?'

'బస్సెక్కినాక సెప్తాన్లేరా!'