మార్పు సంగతి గేటు బయట తెలియకూడదు

గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల్లో కంపెనీ అంటే ఒక ఇంటికి నెల జీతం, ఒక గదికి అద్దె, కిరాణా కొట్టులో ఒక ఖాతా, ఒక పిల్లవాడి స్కూలు ఫీజు. అందుకే కంపెనీలో చిన్న మార్పు జరిగినా అది ప్రహరీ గోడ లోపలే ఉండిపోదు. షిఫ్ట్ వేళలు మారినా, కాంట్రాక్టర్ మారినా, ఒక ప్లాంట్ మూతపడినా ఆ ప్రభావం మా తరగతి గది దాకా వస్తుంది. చదువు సంవత్సరం మధ్యలో టీసీ అడగడానికి వచ్చిన తండ్రిని కారణం అడిగితే "కంపెనీలో ఏదో మారుతోందంట సార్" అంటాడు. ఎవరు చెప్పారంటే "అందరూ అనుకుంటున్నారు" అంటాడు. ఆ అనుకోవడం మీదనే ఒక పిల్లవాడి చదువు ఆగిపోతుంది.

మన సొసైటీకి అండగా నిలిచే దాతల్లో చిన్న యూనిట్ల యజమానులు, లేబర్ కాంట్రాక్టర్లు, సూపర్‌వైజర్లు, దుకాణదారులు, కార్మికులు ఉన్నారు. మార్పు గురించి చెప్పేవారు, వినేవారు ఇద్దరూ మనలోనే ఉన్నారు కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా చూద్దాం.

చట్టం ఏమంటోంది?

మార్పు చేసే ముందు కార్మికులకు చెప్పాలన్నది యజమాని దయ మీద వదిలేసిన విషయం కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ సెక్షన్ ప్రకారం జీతభత్యాలు, పని గంటలు, సెలవులు, షిఫ్ట్‌లు వంటి అంశాల్లో మార్పు చేయాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఈ 21 రోజుల నియమం 40వ సెక్షన్‌గా కొనసాగుతోంది. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని, అందులో యాజమాన్యం తరఫున, కార్మికుల తరఫున సమాన సంఖ్యలో సభ్యులు ఉండాలని అదే కోడ్ చెబుతోంది.

నోటీసు ఏ భాషలో ఉండాలో కూడా పాత చట్టం ఆలోచించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం నోటీసులు ఇంగ్లీషుతో పాటు ఎక్కువ మంది కార్మికులకు అర్థమయ్యే భాషలో, ముఖద్వారం దగ్గర అందరికీ కనిపించేలా ఉండాల్సి ఉండేది. అయితే మన ప్రాంతంలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఎక్కువ మంది భాష తెలుగు అయితే బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవారి సంగతేమిటి? చదవడం రానివారి సంగతేమిటి? చట్టం కోరింది కనీస బాధ్యత మాత్రమే. మిగతాది చెప్పేవారి మీద ఉంటుంది.

ఎలా చెప్పాలి?

"పరిపాలనా కారణాల వల్ల వచ్చే నెల నుంచి షిఫ్ట్ వేళలు సవరించడమైనది" అని ఒక కాగితం అంటించారనుకుందాం. చదివిన ప్రతివాడికీ జీతం తగ్గుతుందేమో, ఓటీ పోతుందేమో అన్న భయం పట్టుకుంటుంది. అదే సంగతిని ఇలా రాయవచ్చు: "మార్చి 1 నుంచి రాత్రి షిఫ్ట్ 10 గంటలకు బదులు 9 గంటలకు మొదలవుతుంది. పని గంటలు ఎనిమిదే. జీతంలో, ఓటీలో మార్పు లేదు. కంపెనీ బస్సు 8.15కు బయలుదేరుతుంది. సందేహం ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జిని అడగండి."

రెండో నోటీసులో ఐదు ప్రశ్నలకు జవాబు వెతకవచ్చు. ఏం మారుతోంది, ఎందుకు, ఎప్పటి నుంచి, నా జీతం సంగతేమిటి, ఎవరిని అడగాలి. నాలుగింటికి జవాబు ఉంది. "ఎందుకు" అన్నదానికి లేదు. అది కూడా ఒక్క వాక్యంలో చేర్చితే నోటీసు పూర్తవుతుంది. ఇంకా నిర్ణయం కాని విషయం ఉంటే కాలేదనే చెప్పి, ఏ తేదీకి చెబుతారో చెప్పాలి.

చెప్పే వరుస కూడా ముఖ్యం. ముందు సూపర్‌వైజర్లకు చెప్పాలి, ఎందుకంటే కార్మికుడు మొదట అడిగేది వారినే. తర్వాత అన్ని షిఫ్ట్‌ల వారికీ ఒకే రోజు చెప్పాలి. కాంట్రాక్టు కార్మికులకు చివర తెలియడం మామూలైపోయింది, కానీ మార్పు దెబ్బ ముందుగా తగిలేది వారికే. కాంట్రాక్టర్ మారుతున్నప్పుడు పీఎఫ్ డబ్బు పోతుందన్న పుకారు సాధారణం. యజమాని మారినా కార్మికుడి యూఏఎన్ నంబరు మారదన్న ఒక్క మాట ముందే చెబితే ఎంతోమంది భయం తీరుతుంది.

ఆర్టీసీ పాఠం

తెలంగాణలో 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. సుమారు 48 వేల మంది కార్మికులు పాల్గొన్నారు. గడువులోగా విధుల్లో చేరనివారు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టే అని ప్రభుత్వం ప్రకటించింది. 52 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. డిసెంబర్ 1న ముఖ్యమంత్రి కేసీఆర్ ఒక్కో డిపో నుంచి ఐదుగురు చొప్పున ఉద్యోగులను ప్రగతి భవన్‌కు పిలిచి, వారితో కలిసి భోంచేసి, పదవీ విరమణ వయసు 60కి పెంపు వంటి నిర్ణయాలు చెప్పారు. సమ్మె న్యాయాన్యాయాల మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. కానీ చివర్లో జరిగిన ఆ ముఖాముఖి మొదట్లోనే జరిగి ఉంటే ఎంత బాధ తప్పేదో ఆలోచించాలి.

అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేశారు. ముందు కమిటీ వేశారు, అది నివేదిక ఇచ్చింది, తర్వాత చట్టం చేశారు, 2020 జనవరి 1 నుంచి అమలు చేశారు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో ఉద్యోగికి కనిపించింది.

ప్రాణాల విషయం

రసాయన పరిశ్రమల్లో మార్పు అంటే ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పరిశ్రమలు తమ వల్ల కలిగే ప్రమాదాల గురించి, తీసుకోవలసిన జాగ్రత్తల గురించి కార్మికులకే కాక, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల ప్రజలకు కూడా తెలపాలని దాని సారాంశం. అంటే కొత్త రసాయనం, కొత్త పద్ధతి వస్తే తెలుసుకోవలసినవారిలో ఊరు కూడా ఉంది.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. తమవారి జాడ కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. షిఫ్ట్ మారిన ప్రతిసారీ లోపల ఎవరున్నారన్న పేర్ల పట్టిక మారాలి. కొత్తగా చేరినవారికి బయటికి వెళ్లే దారి వారి భాషలోనే చూపించాలి.

మనం చేయగలిగింది

యూనిట్ నడిపే దాతలు తదుపరి నోటీసును తెలుగు, హిందీల్లో రాయించి, ఒకసారి చదివి వినిపించే ఏర్పాటు చేయవచ్చు. చదివాక ఒక కార్మికుడిని పిలిచి "నీకు ఏం అర్థమైంది?" అని అడగాలి. బడిలో మేము రోజూ వాడే పరీక్ష ఇదే, ఖర్చు లేనిది. కార్మిక సోదరులు పుకారు విన్న రోజే ఇన్‌చార్జిని ఆ ఐదు ప్రశ్నలు అడగాలి. ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల టీసీ తీసుకోవడం వంటి నిర్ణయాలు జవాబు వచ్చాకే చేయాలి.

ఇదే నియమం మన సొసైటీకి కూడా వర్తిస్తుంది. స్కాలర్‌షిప్ నిబంధన మారినా, వైద్య సాయం పద్ధతి మారినా ఇచ్చిన దాతకు, తీసుకునే కుటుంబానికి ముందుగా, కారణంతో సహా తెలియాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మార్పుల జాబితాను ముందే సభ్యులకు అందజేసే పద్ధతి మొదలుపెడితే మంచి ఆరంభం అవుతుంది.