పేరులో దాక్కున్న జీన్: బాల్ పైథాన్ మార్ఫ్‌లను గుర్తుపట్టడం ఎలా?

ఈ రోజు ఎపిసోడ్ పాముల గురించి. భయపడేవాళ్లు కూడా ఉండండి, ఇది విషం లేని పామే.

నాలుగేళ్ల కింద జరిగిన విషయంతో మొదలుపెడతా. అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా, ఆన్‌సైట్ మీద డల్లాస్‌లో. మా రూమ్మేట్‌కి పాములంటే పిచ్చి. ఒక ఆదివారం నన్ను రెప్టైల్ ఎక్స్‌పోకి లాక్కెళ్లాడు. టేబుళ్ల నిండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కోదాంట్లో ఒక్కో బాల్ పైథాన్ పిల్ల, డబ్బా మీద ఒక పేరు. పసుపు ఒంటి మీద సన్నటి నల్ల గీతలున్న ఒక పిల్లని చూపించి, "మామా, ఇది తీసుకోరా, అదిరిపోయింది" అన్నా. డబ్బా మీద 'బంబుల్ బీ' అని ఉంది. వాడు కొనేశాడు.

ఇంటికొచ్చాక చూస్తే దాని తల నిలకడగా లేదు. సన్నగా వణుకుతోంది, ఒక్కోసారి పక్కకి తిరిగిపోతోంది. ఎలుకని అందిస్తే గురి తప్పుతోంది. మాకేమో చేతులు కాళ్లు ఆడలేదు. రాత్రంతా వెతికితే తెలిసింది: బంబుల్ బీ అంటే పేస్టెల్ ప్లస్ స్పైడర్. స్పైడర్ జీన్‌తో పాటే ఈ వణుకు వస్తుంది, కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ. దీన్ని వాబుల్ అంటారు. డబ్బా మీద స్పైడర్ అన్న మాటే లేదు. కానీ పాము ఒంటి మీద ఉంది. మాకు చదవడం రాలేదు, అంతే. ఆ చదవడమే ఈ రోజు నేర్చుకుందాం.

ముందు నార్మల్ ఎలా ఉంటుందో కళ్లలో పెట్టుకోండి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. ఘానా, టోగో, బెనిన్ నుంచి చాలా ఎగుమతి అయ్యింది. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. ముదురు గోధుమ, నలుపు కలిసిన ఒళ్లు, దాని మీద లేత గోధుమ మచ్చలు, తెల్లటి పొట్ట, కంటి మీదుగా ఒక నల్ల పట్టీ. దీన్నుంచి ఏం మారిందో చూడటమే మన పని.

మొదటి ప్రశ్న: ఏ రంగు పోయింది? నలుపు పూర్తిగా పోయి తెలుపు, పసుపు మిగిలి, కళ్లు ఎర్రగా ఉంటే అల్బినో. పసుపు పోయి నలుపు, బూడిద, తెలుపు మిగిలితే అక్సాంథిక్. ఏదీ పోకుండా పసుపు వెలిగిపోతూ, తల రంగు వెలిసినట్టుంటే పేస్టెల్ అయ్యుండొచ్చు. ఇక్కడ జాగ్రత్త, పేస్టెల్ పిల్లలు చిన్నప్పుడు మెరిసిపోతాయి, పెద్దయ్యాక చాలావాటికి ఆ మెరుపు తగ్గుతుంది. కాబట్టి ఫొటో చూసేముందు వయసు అడగండి.

రెండో ప్రశ్న: డిజైన్ ఏమైంది? ఒంటి మీద కొంత మామూలుగా ఉండి, మధ్యలో డిజైనే లేని తెల్లటి భాగాలుంటే పైబాల్డ్. వెన్ను పొడవునా ముదురు చార, కళ్ల కింద కన్నీటి చుక్కలాంటి మచ్చ ఉంటే క్లౌన్.

ఇప్పుడు మేం బోల్తాపడ్డ చోటు. సన్నటి గీతలుండే మార్ఫ్‌లు రెండున్నాయి, స్పైడర్, పిన్‌స్ట్రైప్. పిన్‌స్ట్రైప్‌లో గీతలు గోధుమ రంగులో, ఎక్కువగా వెన్ను వెంబడి సాగుతాయి. స్పైడర్‌లో గీతలు నల్లగా సాలెగూడులా ఉంటాయి, పొట్ట దగ్గర్నుంచి తెలుపు పక్కలకి ఎక్కుతుంది. పేస్టెల్‌కి పిన్‌స్ట్రైప్ కలిస్తే లెమన్ బ్లాస్ట్, స్పైడర్ కలిస్తే బంబుల్ బీ. కొత్తవాళ్లకి రెండూ ఒకటే పసుపు పాము. కానీ పిన్‌స్ట్రైప్‌కి వాబుల్ లేదు. వోమా, షాంపేన్ అన్న మార్ఫ్‌లలోనూ ఇలాంటి వణుకు ఉంది, ఆ పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి.

మూడో ప్రశ్న: కంటికి కనిపించనిది ఏముంది? కోడ్ రాసేవాళ్లకి ఇది ఈజీ. ప్రతి జీన్‌కీ ఒక కౌంటర్ ఉందనుకోండి, విలువ సున్నా, ఒకటి లేదా రెండు. పేస్టెల్‌లో ఒకటైతే పేస్టెల్, రెండైతే సూపర్ పేస్టెల్. అంటే ఒక్క కాపీ ఉన్నా బయటికి కనిపిస్తుంది. అల్బినో, పైబాల్డ్, క్లౌన్, అక్సాంథిక్ అలా కాదు, రెండు కాపీలుంటేనే కనిపిస్తాయి. ఒకటే ఉంటే పాము నార్మల్‌గానే ఉంటుంది, దాన్ని హెట్ అంటారు. ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా హెట్‌ని చూసి ఖాయంగా చెప్పలేరు. '66 శాతం హెట్' అని రాసుంటే అర్థం ఇదీ: తల్లీ తండ్రీ ఇద్దరూ హెట్, పిల్ల నార్మల్‌గా కనిపిస్తోంది, దానిలో ఆ జీన్ ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. అంతే తప్ప గ్యారంటీ కాదు. అందుకే తల్లిదండ్రుల రికార్డు అడగాలి. కొన్ని మార్ఫ్‌లకి విడిచిన కుబుసం పంపితే డీఎన్‌ఏ టెస్ట్ చేసే ల్యాబులు అమెరికాలో ఉన్నాయి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక్క మాట. మన అడవి కొండచిలువని ఇంట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాన్ సైటిస్ జాబితాలో ఉన్న విదేశీ జాతి, 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాగితాలు లేకుండా చౌకగా ఇస్తామంటే దూరంగా ఉండండి.

మా రూమ్మేట్ పాము ఇంకా వాడి దగ్గరే ఉంది. ఎలుకని పట్టకర్రతో నోటి దగ్గరే పెడితే తింటుంది. దాన్నుంచి పిల్లలు తీయించకూడదని వాడు నిర్ణయించుకున్నాడు. నిజం చెప్పాలంటే, దాని తల వణకడం చూసినప్పుడల్లా "అదిరిపోయింది" అన్న నా మాటే గుర్తొస్తుంది. మీరు ఎప్పుడైనా అలాంటి డబ్బా ముందు నిలబడితే, రంగు చూసి ముచ్చటపడే ముందు మూడు ప్రశ్నలూ అడగండి. పేరుని విడగొట్టి చెప్పమనండి. ఆ పాముని ఐదు నిమిషాలు బయటికి తీసి, తల ఎలా కదులుతోందో మీ కళ్లతో చూడండి.