ఎన్నింటికి ఎత్తుతున్నారు?

చావు కబురు వినగానే ఫోన్లో అడిగేవి రెండు ప్రశ్నలు. ఎలా పోయారు? ఎన్నింటికి ఎత్తుతున్నారు? రెండో దానికి జవాబు ఇంట్లోనే తయారవుతుంది. పురోహితుడు వర్జ్యం చూస్తాడు. అమెరికా కొడుకు విమానం ఎప్పుడు దిగుతుందో లెక్కేస్తారు. అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ బాక్సు ఎంతసేపైనా ఆగుతుంది. ‘పన్నెండులోపు ఎత్తేద్దాం’ అని పెద్దాయనెవరో ఖాయం చేస్తాడు. ఆ పన్నెండుకి శ్మశానంలో దహనం చేసే మిషన్ ఖాళీగా ఉందా, దిమ్మె మీద నిన్నటి బూడిద తీశారా, కట్టెలు పేర్చే మనిషి డ్యూటీలో ఉన్నాడా అని ఆరా తీసేవాళ్లు తక్కువ.

హైదరాబాద్ లాంటి నగరంలో శ్మశానానికి రోజంతా ఒకే ఒత్తిడి ఉండదు. పొద్దున్నే అస్థులు ఏరుకునేవాళ్లు వస్తారు. పదకొండు నుంచి ఇళ్ల దగ్గర బయల్దేరిన వైకుంఠ రథాలు వరస కడతాయి. మూడు దాటాక ఆసుపత్రి మార్చురీల వంతు. పంచనామా, పోలీసు సంతకం, పోస్టుమార్టం అయ్యేసరికి ఆ వేళవుతుంది. వసతులున్న ఆసుపత్రుల్లో చీకటి పడ్డాకా పోస్టుమార్టం చేయొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో అనుమతించింది కానీ, హత్య, ఆత్మహత్య వంటి కేసులను మామూలుగా అందులోంచి మినహాయించింది. పొద్దుగూకేలోపు నిప్పు పెట్టాలన్న పట్టింపు ఎలాగూ ఉంది. దాంతో రోజు మొత్తం బరువు రెండు పూటల మీద పడుతుంది.

ఒక్కో కుటుంబానికి ఎంత సమయం పడుతుందన్నది కూడా మారిపోయింది. పాడె మోసిన రోజుల్లో దింపుడు కళ్లం దారిలోనే అయ్యేది. పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పిలిచి, మళ్లీ ఎత్తుకునేవారు. రథం నేరుగా గేటు దాకా వస్తున్నందున చాలాచోట్ల ఆ తంతు శ్మశానం లోపలికి చేరింది. నోట్లో బియ్యం, కుండతో మూడు చుట్లు, తలకొరివి కలుపుకుంటే అరగంట అవలీలగా గడుస్తుంది. ఈలోగా వెనక రథంవాళ్లు ఎండలో నిలబడి ఉంటారు. వాళ్లను కసిరేవాళ్లూ ఉండరు, సముదాయించేవాళ్లూ ఉండరు.

కట్టెలది ఒక లెక్క, మిషన్‌ది ఇంకో లెక్క. చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టె కావాలి, కాలడానికి గంటలు పడుతుంది. ఆపైన మర్నాడు అస్థులు ఏరేదాకా ఆ దిమ్మెను ఇంకొకరికి ఇవ్వలేరు. ఆరు దిమ్మెలుంటే రోజుకు ఆరుగురే అన్నమాట. అయితే ఆరు రథాలు ఒకేసారి వచ్చినా తట్టుకుంటుంది. మిషన్‌లో గంటన్నరలోపే దహనం ముగుస్తుంది, బూడిద అదే రోజు చేతికిస్తారు. కాని ఒకరి తర్వాత ఒకరే. బూడిద తీసే సమయం కలిపి రెండు గంటలనుకుంటే, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఐదుగురు. ముగ్గురు ఒకేసారి వస్తే మూడోవాళ్లు నాలుగు గంటలు ఆగాలి. తొందరపెడితే ఏమవుతుందో 2021 ఏప్రిల్‌లో సూరత్ చూసింది. రాత్రింబవళ్లు ఆపకుండా నడిపితే గ్యాస్ కొలిముల ఇనుప భాగాలే కరిగిపోయాయి.

ఇనుమైతే కరిగి చూపిస్తుంది, మనిషి ఏం చూపిస్తాడు? ఇద్దరేసి చొప్పున రెండు షిఫ్టులకు నలుగురు చాలనుకుంటారు. వారానికో సెలవిస్తే ఐదుగురు కావాలి. జ్వరాలు, పండగలు కలుపుకుంటే ఆరుగురు. ఆ లెక్క వేయని చోట ఉన్న ఇద్దరే పొద్దున గేటు తీసి, అర్ధరాత్రి దాకా కపాల మోక్షాలు చూసుకుంటారు. మనకు తెలిసిన మొదటి కాటికాపరి హరిశ్చంద్రుడికీ షిఫ్టు లేదు మరి! యజమాని వీరబాహుడు సుంకం లెక్క మాత్రం గట్టిగా అడిగాడు. నేటి గుత్తేదారు పద్ధతి అంతకన్నా పెద్దగా మారలేదని నా అభిప్రాయం. జీతం చాలని కాపరి, పోయినవారి కుటుంబం ముందు చెయ్యి చాస్తాడు, కుటుంబం దాన్ని దోపిడీ అంటుంది. శనివారం పోయినవారికి తోడుగా పాడెకు కట్టే కోడిని కూడా అతని రాబడిలో వేసేవాళ్లున్నారు.

కావలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేం కావు. ముందుగా ఇంటివాళ్లు ముహూర్తం పెట్టుకునేముందు ఫోన్ చేయడానికి ఒక నంబరు, ఆ ఫోన్ ఎత్తి ఖాళీ వేళలు చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. రిజిస్టరు కూడా అతనే రాయాలి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి కాబట్టి, ఏ కాగితాలు తేవాలో ఆ ఫోన్లోనే చెప్పేస్తే గేటు దగ్గర ఆధార్ జిరాక్సు కోసం పరుగులుండవు. షిఫ్టులను సమానంగా పంచకుండా పదకొండు నుంచి ఆరు దాకా రెండూ కలిసేలా వేస్తే బరువు మోసేవేళకు నాలుగు చేతులు అదనంగా దొరుకుతాయి. ప్రముఖుల అంత్యక్రియలకు ఒక దిమ్మెను ముందే వేరుగా ఉంచాలి. పోలీసు లాంఛనాల కోసం మామూలు ఇంటి శవాన్ని ఆపడం అన్యాయం.

పల్లెల్లో సమస్య వేరు. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. నెలకు ఒకటో రెండో చావులుండే ఊరికి రోజంతా మనిషిని పెట్టడం దండగే. ఒకప్పుడు బేగరి కుటుంబం కులం పేరిట ఆ చాకిరీ మోసింది. వాళ్ల పిల్లలు ఆ పని వద్దనుకుంటే తప్పేముంది? నాలుగైదు పంచాయతీలు కలిసి ఇద్దరిని నియమించుకుని, పిలిచినప్పుడల్లా ఇంత అని పంచాయతీ ఖాతా నుంచే ఇచ్చుకోవచ్చు. ఇంటివాళ్ల జేబుతో పని లేకుండా.